బూమ్‌ను మోసేదెవరు?

తెరచాప పడవల పరిచయం లేనివారికి కొంచెం వింతగా తోచే సంగతి ఒకటుంది. పడవ గాలిలో సాగుతున్నంతసేపూ చాప అడుగున అడ్డంగా ఉండే దూలాన్ని మోసేది ఆ చాపే. దూలం చాపను పట్టి ఉంచుతుందని మనం అనుకుంటాం. ఆ మాటా నిజమే గాని, బరువు లెక్కకు వచ్చేసరికి ఆధారం చాపదే. స్తంభం కొననుంచి వేలాడుతున్న గుడ్డే దూలపు కొసను నీళ్ళలో పడకుండా, మన నెత్తిన పడకుండా పైకి పట్టి ఉంచుతుంది. చాప దించిన మరుక్షణం ఆ ఆధారం ఉండదు. అప్పుడు దూలాన్ని ఎవరు మోయాలి? చిన్న పడవ కొనుక్కున్న ప్రతివారూ ఎప్పుడో ఒకప్పుడు జవాబు చెప్పుకోవలసిన ప్రశ్న ఇది. నాకు ఆ జవాబు కుదరడానికి మూడు వేసవులు పట్టింది.

ఆ దూలాన్ని ఇంగ్లీషులో బూమ్ అంటారు. తెలుగులో ఏమనాలా అని చాలా ఆలోచించాను. మన తీరంలో నేను చూసిన తెప్పల మీద ముక్కోణపు చాపకు పై అంచున పొడుగాటి కొయ్య ఉంటుంది గాని, అడుగంచున ఏమీ ఉండదు. అడుగు మూలకు కట్టిన తాడును చేత్తో పట్టుకుని చాపను అదుపు చేస్తారు. లేని వస్తువుకు పేరు మాత్రం ఎక్కడనుంచి వస్తుంది? అందుచేత బూమ్‌ను బూమ్ అనే అంటాను. మిగిలిన వాటికి మాత్రం నాకు తోచిన తెలుగు మాటలు వాడుతున్నాను. చాపను పైకి లాగే తాడు ఎత్తుతాడు. చాపను బిగించి, వదిలి అదుపు చేసేది అదుపుతాడు. స్తంభం కొననుంచి పడవ వెనక అంచుకు బిగించిన ఉక్కు తీగ వెనకతీగ. ఇంతకన్నా మంచి మాటలు తెలిసినవారు చెబితే సంతోషంగా మార్చుకుంటాను.

మా పడవ కాటలీనా 22. ఫ్రాంక్ బట్లర్ రూపకల్పన చేసిన ఈ పడవ తయారీ 1969లో మొదలైంది. పదిహేను వేలకు పైగా తయారయ్యాయి గనుక అమెరికాలో ఏ చెరువు గట్టున నిలబడినా ఒకటైనా కనబడుతుంది. పొడవు ఇరవై రెండడుగులకు కాస్త తక్కువ, బూమ్ పొడవు పదడుగులకు కాస్త తక్కువ. 2019లో పాతది ఒకటి కొని డాలస్ నగరానికి తూర్పున ఉన్న రే హబ్బర్డ్ జలాశయంలో ఉంచాను. ట్రినిటీ నది తూర్పు పాయకు ఆనకట్ట కట్టగా ఏర్పడిన జలాశయం అది. చుట్టూ చదునైన నేల కావడంతో గాలికి అడ్డు లేదు. శీతకాలంలో ఉత్తరాన్నుంచి చలిగాలి విరుచుకుపడితే అరగంటలో నీటి రూపమే మారిపోతుంది. ఇక్కడివాళ్ళు దాన్ని బ్లూ నార్దర్ అంటారు. ఈ గాలి సంగతి తరవాత మళ్ళీ అవసరమవుతుంది, అందుకే చెప్పి ఉంచుతున్నాను.

పడవతో పాటు బూమ్‌ను నిలిపే సాధనం ఒకటి వచ్చింది. వెనకతీగకు బిగించిన జానెడు ఉక్కు తీగ, దాని చివర ఒక కొక్కెం. ఇక్కడివాళ్ళు ముద్దుగా పందితోక అంటారు. చాప దించే ముందు బూమ్ కొసను ఆ కొక్కేనికి తగిలిస్తే అది కదలకుండా, పడకుండా పడవ నడిమధ్యన నిలిచి ఉంటుంది. ఖర్చు లేదు, చెడిపోవడానికి అందులో ఏమీ లేదు. రేవులో కట్టేసిన పడవకు ఇంతకన్నా మంచి ఏర్పాటు ఉండదు.

చిక్కంతా రేవు దాటాక వస్తుంది. బూమ్‌కు ఊతం కావలసిన ఘడియలు మూడే మూడు. చాప ఎత్తేటప్పుడు, గాలి హెచ్చి చాపను కుదించేటప్పుడు, చాప దించేటప్పుడు. మొత్తం కలిపితే ఒక పూట ప్రయాణంలో పది నిమిషాలు కాదు. కాని ఆ పది నిమిషాల్లోనే పడవ గాలికి ఎదురు తిరిగి నిలబడి ఉంటుంది, చాప ఫటఫటా కొట్టుకుంటూ ఉంటుంది, అలలకు కాళ్ళు నిలవవు, ఒకరు స్తంభం దగ్గర, ఒకరు చుక్కాని దగ్గర ఉంటారు, ఎవరి మాట ఎవరికీ వినబడదు. కొయ్యకూ తలకూ మధ్య దూరం మిగతా ప్రయాణమంతటిలోకీ తక్కువగా ఉండేది అప్పుడే.

ఇది కొత్తవాళ్ళకు మాత్రమే ఉండే గండం కాదు. ఎరిక్ టబార్లీ అనే ఫ్రెంచి నావికుడు అట్లాంటిక్ సముద్రాన్ని ఒంటరిగా దాటే పందెంలో 1964లోనూ, 1976లోనూ గెలిచినవాడు. 1998 జూన్‌లో, 1898లో నిర్మించిన తన పెన్ డ్యూయిక్ అనే పడవలో స్కాట్లండు వైపు వెళుతూ, వేల్స్ తీరానికి దూరంగా ఒక రాత్రి తోటివాళ్ళతో కలిసి చాపలు సవరిస్తుండగా, చాప పై అంచున ఉండే కొయ్య తగిలి సముద్రంలో పడిపోయాడు. బతికి దొరకలేదు. ఆయనను కొట్టింది బూమ్ కాదు, పైకొయ్య. అయినా ఘడియ మాత్రం అదే. చాపకూ కొయ్యకూ ఉన్న లంకె వదులైన ఘడియ. జీవితమంతా సముద్రం మీదే గడిపిన మనిషికే ఆ ఘడియ అలాంటిదైతే, వారాంతపు నావికుల మాట చెప్పనక్కర్లేదు.

ఇవన్నీ తెలిసినా, మొదటి రెండు వేసవులూ ఇది నాకు సామాను ఎంపికగానే కనబడింది. ఏది చవక, ఏది మన్నిక, ఏది బిగించడం తేలిక. ఆ చూపును మార్చింది అమ్మ.

2022 వేసవిలో అమ్మ కాకినాడ నుంచి వచ్చింది. డెబ్బై మూడేళ్ళు. మోకాళ్ళ నొప్పులు. గోదావరి మీద లాంచీ ప్రయాణాలు బాగా ఎరిగిన మనిషి కనుక నీళ్ళంటే భయం లేదు. పడవలో చుక్కానికి ఎడమ పక్కన బల్ల మీద దిండు వేసుకుని కూర్చునేది. అది సరిగ్గా బూమ్ కింద చోటు. చిన్న పడవలో నీడపట్టున కూర్చోవడానికి మరో చోటు లేదు. ఒక సాయంత్రం మేం రేవు వైపు తిరిగి, చాప దించడానికి సిద్ధమవుతుంటే, మా అమ్మాయి పందితోక కొక్కెం తగిలించే పనిలో ఉంది. పదేళ్ళ పిల్ల. మునివేళ్ళ మీద నిలబడి, ఊగుతున్న బూమ్‌ను ఒక చేత్తో ఆపుతూ, రెండో చేత్తో కొక్కెం తెరుస్తోంది. అమ్మ పైకి చూసి, "ఒరే నాన్నా, చాప దించేస్తే ఈ దుంగనెవరు పట్టుకుంటార్రా?" అంది.

"పాప తగిలిస్తోందిగా అమ్మా, ఆ కొక్కెం పట్టుకుంటుంది."

"అది తగిలించేదాకా?"

నా దగ్గర జవాబుంది. తగిలించేదాకా చాప దించం. వరస అదే, ఆ రోజూ అదే పాటించాం, ఏమీ కాలేదు. కాని అమ్మ అడిగిన ప్రశ్న వరస గురించి కాదని ఆ రాత్రి అర్థమైంది. మెత్తటి దిండు మీద కూర్చున్న ముసలి మనిషి తల, మునివేళ్ళ మీద నిలబడిన పిల్ల చెయ్యి, ఈ రెంటి మధ్యా ఉన్నది జానెడు తీగ. మోకాళ్ళు నొప్పి ఉన్నవాళ్ళు చటుక్కున వంగలేరు. పడవలో ఏ ఏర్పాటు చేసినా అందరిలోకీ నిదానంగా కదిలే మనిషికి సరిపోయేలా చెయ్యాలని అప్పుడు అనిపించింది. ఆ వేసవి తరవాత ఉన్న దారులన్నిటినీ మళ్ళీ మొదటినుంచి చూశాను.

మొదటిది పందితోకే. దాని లోపం అది తెగిపోవడంలో లేదు, వదలకపోవడంలో ఉంది. చాప ఎత్తాక ఎవరో ఒకరు వెనక్కి వెళ్ళి కొక్కెం విప్పాలి. విప్పకుండా పడవ గాలికి వాలితే బూమ్ మధ్యలోనే బంధింపబడి ఉంటుంది. గాలి ఒక్కసారిగా హెచ్చినప్పుడు అదుపుతాడు వదిలేసి, చాపలోని గాలిని ఖాళీ చెయ్యడం చిన్న పడవకు ప్రాణరక్షణ. కొక్కేనికి కట్టుబడి ఉన్న బూమ్‌కు ఆ దారి మూసుకుపోతుంది, పడవ పక్కకు పడిపోతుంది. రే హబ్బర్డ్ మీది ఉత్తరపు గాలిని ఒక్కసారి చూసినవాళ్ళకు దీన్ని వివరించనక్కర్లేదు.

రెండోది ఊతకర్ర. పడవ వెనక అంచున నిలబెట్టే పంగల కర్ర. ట్రెయిలర్ మీద పడవను తీసుకెళ్ళేటప్పుడు, రేవులో గుడారం కప్పేటప్పుడు బాగా పనికొస్తుంది. కాని నీళ్ళ మీద, ఊగుతున్న బూమ్‌ను తెచ్చి పంగలో పెట్టేది మళ్ళీ మనిషి చెయ్యే. పెద్ద పడవల్లో దీనికి అన్నలాంటిది ఉంటుంది, రెండు కాళ్ళ మీద నిలిచిన శాశ్వతమైన చట్రం. సముద్ర యాత్రలు చేసేవాళ్ళు దాన్ని ప్రాణంలా చూసుకుంటారు. ఇరవై రెండడుగుల పడవలో పెడితే మనుషులకు చోటు మిగలదు.

మూడోది సోమరితాళ్ళు. స్తంభం మధ్యనుంచి బూమ్‌కు రెండు వైపులా వలలాగా దిగే సన్నటి తాళ్ళు. చాప దిగుతూ వాటి మధ్య ముడుచుకుంటుంది. గట్టిగా కడితే బూమ్ బరువు కూడా కొంత మోస్తాయి. అయితే చాప ఎత్తేటప్పుడు దాని వెనకంచున ఉండే సన్నటి బద్దలు వాటిలో చిక్కుకుంటాయి. వాటి అసలు పని చాపను పట్టుకోవడం. బూమ్‌ను మోయడం పక్క పని.

నాలుగోది కిందినుంచి నెట్టే సాధనం. స్తంభం అడుగునుంచి బూమ్‌కు ఏటవాలుగా బిగిస్తారు. కొన్నిటిలో స్ప్రింగు ఉంటుంది. బూమ్‌కికర్ అనే పేరుతో అమ్మేదానిలో ఫైబర్‌గ్లాస్ కడ్డీలు విల్లులా వంగి బూమ్‌ను పైకి నెడతాయి. చూడడానికి ముచ్చటగా ఉంటుంది. పైన తాడు లేదు, చాపకు ఒరిపిడి లేదు, ఎవరూ ఏమీ బిగించనక్కర్లేదు, ఏమీ విప్పనక్కర్లేదు. మరిచిపోవడానికి వీలే లేని సాధనం. దాదాపు దీన్నే కొనబోయాను.

అయిదోది ఊతతాడు. స్తంభం కొననుంచి నేరుగా బూమ్ కొసకు దిగే తాడు. ఇంగ్లీషులో టాపింగ్ లిఫ్ట్. అన్నిటికన్నా పాత పద్ధతి. దీని లోపాలు అందరికీ తెలిసినవే. పడవ సాగుతున్నప్పుడు వదులుగా ఉండాలి, లేకపోతే బూమ్‌ను చాపకు బదులు తానే మోస్తూ చాప ఆకారాన్ని పాడు చేస్తుంది. వదులుగా ఉంటే గాలికి ఊగుతూ చాప వెనకంచు కుట్లను రాపాడి చింపుతుంది. బిగించడం మరిచిపోతే ఉండీ లేనట్టే.

ఈ చివరి రెంటిలో ఒకటి తేల్చుకోవడానికి కాగితం మీద చిన్న లెక్క వేశాను. బూమ్ పొడవు పదడుగులనుకుందాం. దాని బరువంతా నడిమధ్యన, అంటే స్తంభానికి అయిదడుగుల దూరంలో ఉన్నట్టు. కొసన కట్టిన ఊతతాడు మోయవలసింది బూమ్ బరువులో సగం, తాడు కొంచెం ఏటవాలు గనుక సగానికి ఒక పిసరు ఎక్కువ. మిగతా సగం స్తంభం దగ్గరి కీలు మోస్తుంది. కిందినుంచి నెట్టే కడ్డీ స్తంభానికి రెండున్నర అడుగుల దూరంలో తగిలిందనుకోండి. అది బూమ్ బరువుకు రెట్టింపు బలంతో పైకి నెట్టాలి. నలభై అయిదు డిగ్రీల ఏటవాలు గనుక కడ్డీ పొడవునా పడే బలం దాదాపు మూడింతలు. ఉత్త బూమ్‌కైతే ఇది పెద్ద బరువు కాదు, సాధనం తయారు చేసినవాళ్ళు లెక్క చూసుకునే చేస్తారు.

కాని పడవలో లేచి నిలబడే మనిషి ఏం చేస్తారు? దగ్గర్లో ఏది కనబడితే అది పట్టుకుంటారు. మోకాళ్ళు నొప్పి ఉన్నవాళ్ళు మరీను. అమ్మ లేచినప్పుడల్లా ఆమె చెయ్యి వెళ్ళేది బూమ్ కొస మీదికే. బూమ్ కొసన యాభై పౌన్ల భారం వేస్తే ఊతతాడు మీద పడేది యాభై అయిదు. అదే భారానికి కిందినుంచి నెట్టే కడ్డీ నిలువునా రెండు వందల పౌన్లు, దాని పొడవునా దాదాపు రెండు వందల ఎనభై మోయాలి. అది అంత మోయదు, వంగుతుంది. వంగడమే దాని ధర్మం. బూమ్ కిందికి దిగిపోతుంది, దాన్ని నమ్ముకుని లేచిన మనిషీ దిగిపోతుంది. ఒంటరిగా తిరిగే నావికుడికి అది చక్కటి సాధనం. మా పడవకు, మాతో వచ్చేవాళ్ళకు అది కుదరదు. మంచి చెడ్డలు వస్తువులో ఉన్నంతగానే దాని కింద కూర్చునేవాళ్ళలో కూడా ఉంటాయి.

అలా ఊతతాడు దగ్గర ఆగాను. అయిదు మిల్లీమీటర్ల పాలియెస్టర్ తాడు. మంచి రకమైతే కొత్తలో వెయ్యి పౌన్లకు పైగా మోస్తుంది. మాకు అవసరమైన దానికి అది ఎన్నో రెట్లు. ఇంకా సన్నటి తాడూ సరిపోయేది గాని చేతికి పట్టు దొరకదు. పైన ప్లాస్టిక్ తొడుగున్న ఉక్కు తీగ చవగ్గా దొరికింది. వద్దనుకున్నాను. ఆ తొడుగు లోపల తడి చేరి తీగ తుప్పు పట్టినా పైకి కనబడదు. మా రేవులోనే ఒక పడవలో అలాంటి తీగ ఒక మధ్యాహ్నం చడీచప్పుడూ లేకుండా తెగి, బూమ్ వెళ్ళి బల్ల మీద పడింది. ఆ బల్ల మీద అప్పుడు ఎవరూ లేరు. అంత మాత్రమే వాళ్ళ అదృష్టం. తాడైతే పీచు లేవడం కంటికి కనబడుతుంది, చేతికి తెలుస్తుంది.

2023 జనవరిలో స్తంభాన్ని దించి ఆ పని చేశాను. కాటలీనా 22 స్తంభం కప్పు మీద కీలు పెట్టి నిలిపినది కనుక ఇద్దరు మనుషులుంటే దించవచ్చు. కొనన చిన్న కప్పీ బిగించి, తాడును దాని మీదుగా స్తంభం వెంట కిందికి తెచ్చి, ఎత్తుతాడు కట్టే చోటు పక్కనే కట్టేలా ఏర్పాటు చేశాను. ఇది కావాలని చేసిన పని. రెండు తాళ్ళూ పక్కపక్కనే ఉంటే ఒకటి విప్పబోయే చేతికి రెండోది ముందు తగులుతుంది. తాడు ఊగకుండా, బూమ్ కొసకు దగ్గరగా దాని వెంట ఒక మూరెడు రబ్బరు తాడు కట్టాను. తాడు వదలగానే రబ్బరు ముడుచుకుని ఆ వదులును తనలోకి తీసుకుంటుంది, చాప అంచుకు రాపిడి తగ్గుతుంది. ఎత్తుతాడు ఎప్పుడైనా తెగితే ఈ తాడుతోనే చాప ఎత్తుకోవచ్చు, అది పైలాభం.

పందితోకను తీసేశాను. రేవులో పనికొస్తుంది, ఉంచమని చాలామంది అన్నారు. వాళ్ళ మాట కాదనను. కాని రెండు ఊతాలు ఉన్నచోట, ఏది తగిలించి ఉందో, ఏది విప్పి ఉందో తలకెక్కించుకోవలసి వస్తుంది. సాయంత్రం వేళ అలసిపోయిన పదేళ్ళ పిల్లకు ఆ లెక్క అప్పగించడం నాకు ఇష్టం లేకపోయింది.

ఇప్పుడు మా వరస ఇది. ఊతతాడు బిగించు. బూమ్ కొస మీద చెయ్యి వేసి కిందికి నొక్కి చూడు. అది దిగకపోతేనే ఎత్తుతాడు ముట్టుకో. చాప ఎత్తాక అదే వరస తిరగేసి, ఊతతాడు చివర్న వదులు. ఈ నొక్కి చూడడం మా అమ్మాయి పని. కొక్కెం తగిలించినప్పుడు ఆ పిల్ల బూమ్‌ను మోస్తూ ఉండేది. ఇప్పుడు వేరే ఏదో మోస్తోందని రుజువు చూసుకుంటోంది. ఈ రెంటికీ చాలా తేడా ఉంది. నొక్కకుండా వదిలేసిన రోజు ఇంతవరకూ లేదు.

ఊతతాడుకు ఎండ శత్రువు. టెక్సస్ ఎండ మరీ శత్రువు. అందుకని మూడేళ్ళకోసారి మార్చాలని పెట్టుకున్నాను, ఖర్చు రెండు భోజనాలంత. మార్చే వేళకు అది కొంచెం వెలిసి ఉంటుంది గాని, ఇంకా గట్టిగానే ఉన్నట్టు కనబడుతుంది. గట్టిగా ఉన్నప్పుడే మార్చాలి.

చిన్న పడవ ఉన్నవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే, నా ఎంపికే చెయ్యమని చెప్పను. మీ పడవ వేరు, మీ గాలి వేరు. ఒంటరిగా తిరిగేవారైతే కిందినుంచి నెట్టే కడ్డీ మీకు హాయి. రేవు దాటి వెళ్ళనివారికి పందితోక చాలు. ఏదైనా కొనే ముందు మాత్రం, మీ పడవలో బూమ్ కింద ఎవరు కూర్చుంటారో వాళ్ళను ఆ చోట కూర్చోబెట్టి, వాళ్ళు ఎలా లేస్తారో, దేన్ని పట్టుకుని లేస్తారో ఒకసారి చూడండి.